పెట్ రెంట్ తప్పించుకోవడానికి ఈఎస్ఏ (ఎమోషనల్ సపోర్ట్ యానిమల్) లెటర్ కొన్నాను. లీజింగ్ ఆఫీసుకు ఇవ్వనా, వద్దా?

ఇర్వింగ్_శీను
డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటున్నాం. మార్చిలో షెల్టర్ నుంచి ఒక కుక్కను తెచ్చుకున్నాం. పేరు లడ్డు, ల్యాబ్ మిక్స్. కుక్క ఉంటే ఎంత అని అపార్ట్‌మెంట్ వాళ్ళను అడిగితే తిరిగి ఇవ్వని ఫీజు 400 డాలర్లు, దాని మీద నెల నెలా పెట్ రెంట్ 35 అన్నారు. ఆఫీసులో ఒకతను "ఎమోషనల్ సపోర్ట్ యానిమల్ లెటర్ తీసుకో, ఒక్క డాలర్ కట్టక్కర్లేదు" అన్నాడు. ఒక వెబ్‌సైట్‌లో 129 డాలర్లు కట్టాను. ఇరవై ప్రశ్నలు అడిగింది. నిద్ర పట్టట్లేదా, టెన్షన్‌గా ఉంటోందా, ఇలాంటివి. అన్నిటికీ అవుననే నొక్కాను. మర్నాడు పొద్దున్నే లెటర్ మెయిల్‌లో వచ్చేసింది. ఫోన్లో కూడా ఎవరూ మాట్లాడలేదు. నాకు తీవ్రమైన యాంగ్జైటీ ఉందని అందులో రాసి ఉంది. నిజానికి నాకేమీ లేదు.

ఇంకో 60 పెడితే కుక్కకు వేసే ఎర్ర జాకెట్, మెడలో వేసే కార్డు కూడా పంపారు. మొన్న ఆ జాకెట్ వేసి గ్రోసరీకి తీసుకెళ్తే మేనేజర్ వచ్చి బయటికి వెళ్ళమన్నాడు. అందరి ముందూ చాలా ఇబ్బందిగా అనిపించింది. లెటర్ ఉంటే ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చు అన్నారు కదా? లీజింగ్ ఆఫీసుకు లెటర్ ఇంకా ఇవ్వలేదు. ఇవ్వమంటారా?

బే_ఏరియా_బావ
ఇచ్చేయ్ బ్రో. ఇక్కడ సగం మంది చేసేది అదే. కుక్కకు నెలకు అద్దె ఏంటి అసలు? అదేమైనా ఇంకో బెడ్‌రూమ్ వాడుకుంటోందా?

ప్లేనో_పద్మ
లెటర్ సంగతి తర్వాత. ముందు ఆ జాకెట్ తీసేయండి శీను గారూ. టెక్సస్‌లో 2023 సెప్టెంబర్ నుంచి చట్టం గట్టిపడింది. శిక్షణ లేని జంతువును సర్వీస్ యానిమల్ (వైకల్యం ఉన్నవాళ్ళకు సాయం చేయడానికి శిక్షణ పొందిన జంతువు) అని చెప్పుకుంటే 1000 డాలర్ల దాకా ఫైన్, పైగా 30 గంటలు కమ్యూనిటీ సర్వీస్ చేయాలి. వీసా మీద ఉన్నవాళ్ళం, రికార్డులో చిన్న మచ్చ పడినా ఎంత టెన్షనో మీకు తెలుసు.

కవిత_కౌన్సెలర్
నేను న్యూజెర్సీలో లైసెన్స్ ఉన్న థెరపిస్ట్‌ని. ఈ విషయంలో మూడు వేరు వేరు సంగతులు కలిసిపోతున్నాయి, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

సర్వీస్ డాగ్ అంటే ఒక మనిషి వైకల్యానికి సంబంధించిన పని చేయడానికి శిక్షణ పొందిన కుక్క. చూపు లేనివాళ్ళకు దారి చూపడం, ఫిట్స్ వచ్చినప్పుడు సాయం పిలవడం, యుద్ధం నుంచి వచ్చినవాళ్ళకు పీడకల వస్తే లేపడం, ఇలాంటి పనులు. దీన్ని షాపులోకి, హోటల్లోకి, ఆసుపత్రిలోకి రానివ్వాలి. 2011 మార్చి నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఈ హోదా కుక్కకే. పొట్టి జాతి గుర్రాలకు మాత్రం విడిగా ఒక నిబంధన ఉంది.

థెరపీ డాగ్ వేరు. అది తన యజమానితో కలిసి ఆసుపత్రులకు, బడులకు, వృద్ధాశ్రమాలకు వెళ్ళి ఇతరులకు ఊరటనిస్తుంది. పిలిచిన చోటికే వెళ్తుంది. దానికి ప్రత్యేక హక్కేమీ లేదు.

మూడోది ఎమోషనల్ సపోర్ట్ యానిమల్. దానికి శిక్షణ అక్కర్లేదు. కుక్కే కానక్కర్లేదు, పిల్లి కావచ్చు, కుందేలు కావచ్చు. పక్కన ఉండటమే దాని సాయం. చట్టం దానికి చోటిచ్చింది ఇంట్లో, అంటే ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ కింద. వైకల్యం వల్ల దాని అవసరం ఉన్న మనిషికైతే, పెట్స్ వద్దనే అపార్ట్‌మెంట్ కూడా సాధారణంగా ఒప్పుకోవాలి, పెట్ ఫీజు, పెట్ రెంట్ తీసుకోకూడదు. అంతే తప్ప గ్రోసరీ షాపుకు దీనితో సంబంధం లేదు. ఆ మేనేజర్ చేసింది సరైనదే.

ఇంకొకటి. షాపు వాళ్ళు రెండే ప్రశ్నలు అడగొచ్చు: వైకల్యం వల్ల ఈ కుక్క మీకు అవసరమా, ఇది ఏ పని చేయడానికి శిక్షణ పొందింది. కాగితాలు అడగకూడదు. అసలు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ అనేదే లేదు. కాబట్టి మీరు 60 పెట్టి కొన్న కార్డుకు విలువ సున్నా.

ఇర్వింగ్_శీను
సున్నానా! ఆ సైట్లో 'జాతీయ రిజిస్ట్రీ' అని ముద్ర కూడా వేసి ఇచ్చారండి.

ప్లేనో_పద్మ
ఆ ముద్ర వాళ్ళు వేసుకున్నదే.

మోరిస్‌టౌన్_రఘు
నాకు చూపు లేదు. స్క్రీన్ రీడర్‌తో చదివి రాస్తున్నాను. గైడ్ డాగ్‌తో తిరిగేవాణ్ణి కాబట్టి శీను గారికి ఒక సంగతి చెప్పాలి.

మా ఊళ్ళో 'ద సీయింగ్ ఐ' అని గైడ్ డాగ్ స్కూల్ ఉంది. 1929లో మొదలైంది. కుక్కకు నెలల తరబడి శిక్షణ ఇస్తారు. తర్వాత మనం వెళ్ళి వారాల పాటు అక్కడే ఉండి, దానితో కలిసి నడవడం నేర్చుకోవాలి. నేను ముందుకు పొమ్మన్నా సరే, కారు వస్తుంటే కదలకుండా నిలబడటం దానికి నేర్పుతారు. నా మాట విననందుకే నేను బతికి ఉన్న రోజులున్నాయి.

రెండేళ్ళ క్రితం ఒక షాపులో, ఎర్ర జాకెట్ వేసిన ఇంకో కుక్క వెనక నుంచి నా కుక్క మీదికి దూకింది. జాకెట్ రంగు పక్కవాళ్ళు చెబితేనే తెలిసింది. దాని యజమాని "సారీ, మామూలుగా ఇలా చేయదు" అని వెళ్ళిపోయింది. నా కుక్క చెవి దగ్గర చిన్న గాయం అయింది, వారంలో మానిపోయింది. కానీ ఆ రోజు నుంచి ఏ కుక్క అరుపు వినిపించినా నా కుక్క ఆగిపోయేది. రోడ్డు మధ్యలో ఆగిపోయేది. ట్రైనర్ వచ్చి మూడు నెలలు పని చేసినా పూర్తిగా కుదుటపడలేదు. ఏడేళ్ళకే రిటైర్ చేయాల్సి వచ్చింది. కొత్త కుక్క కోసం నేను ఐదు నెలలు కర్రతో ఇంటికీ ఆఫీసుకీ తిరిగాను.

ఆవిడ కూడా మీలాగే మంచి మనిషి అయ్యుంటుంది. జాకెట్ కొనుక్కుంది, అంతే.

ఇర్వింగ్_శీను
రఘు గారూ, మీ పోస్ట్ రెండు సార్లు చదివాను. జాకెట్ ఇవాళే చెత్తలో వేసేస్తాను. ఇంత దూరం ఆలోచించలేదు, క్షమించండి.

బే_ఏరియా_బావ
రఘు గారి విషయంలో నేనూ ఒప్పుకుంటా, షాపులకు తీసుకెళ్ళడం తప్పు. కానీ ఇంట్లో ఉంచుకోవడానికి లెటర్ ఇస్తే ఎవరికి నష్టం? వందల యూనిట్లు ఉన్న కంపెనీకి నెలకు 35 పోతే ఏమవుతుంది?

హ్యూస్టన్_ఇంటాయన
అందరూ కంపెనీలు కాదు బావగారూ. నాకు రెండు ఇళ్ళున్నాయి, అద్దెకిచ్చాను. ఇరవై ఏళ్ళు ఉద్యోగం చేసి కూడబెట్టుకున్నవి. ఒకాయన కుక్కలు లేవని సంతకం పెట్టి, పదో రోజున రెండు పెద్ద కుక్కలను తెచ్చి రెండు లెటర్లు చేతిలో పెట్టాడు. రెండిటికీ ఒకే రోజు తేదీ, మా రాష్ట్రం కాని వేరే రాష్ట్రం డాక్టరు సంతకం. ఖాళీ చేశాక కార్పెట్, కింద చెక్క అంతా మార్చాల్సి వచ్చింది, 2800 అయింది.

ఆ తర్వాత తెలుసుకున్నాను. ఫీజు తీసుకోకూడదు గానీ పాడైనదానికి డబ్బు అడగొచ్చు, మామూలు డిపాజిట్‌లో పట్టుకోవచ్చు. వైకల్యం పైకి కనిపించనప్పుడు నమ్మదగిన కాగితం అడగొచ్చు. ఇప్పుడు లెటర్ వస్తే కంగారు పడను, చదువుతాను. నిజమైన అవసరం ఉన్నావిడ ఒకరు పిల్లితో నాలుగేళ్ళుగా ఉంటున్నారు, ఒక్క రోజు ఇబ్బంది లేదు. కానీ ఆవిడ మొదట ఫోన్ చేసినప్పుడు నాకు అనుమానమే వచ్చింది. అంతకు ముందు జరిగిన దాని వల్ల ఆవిణ్ణి మూడు వారాలు తిప్పాను. అది నా తప్పే.

కవిత_కౌన్సెలర్
బావగారు అడిగిన "ఎవరికి నష్టం" అన్నదానికి ఇంటాయన గారి చివరి నాలుగు మాటలే జవాబు. ఒక దొంగ లెటర్ వల్ల తర్వాత వచ్చిన నిజమైన మనిషిని మూడు వారాలు తిప్పారు.

2020 జనవరిలో ఫెడరల్ హౌసింగ్ శాఖ ఒక మార్గదర్శకం ఇచ్చింది, 2025లో దాన్ని వెనక్కి తీసుకుంది. డబ్బు కట్టి, ప్రశ్నలకు జవాబులు నొక్కితే ఎవరికైనా ఇచ్చే సర్టిఫికెట్లు వాటంతట అవే రుజువు కావని అందులో ఉండేది. ఆన్‌లైన్‌లో చూసే థెరపిస్ట్ రాసినంత మాత్రాన చెల్లదని కాదు. మీ గురించి నిజంగా తెలిసిన, లైసెన్స్ ఉన్న మనిషి అయి ఉండాలి. బావగారి కాలిఫోర్నియాలో అయితే 2022 నుంచి ఇంకా గట్టి: కుక్క కోసం లెటర్ రాసే ముందు కనీసం 30 రోజుల పరిచయం ఉండాలి.

బే_ఏరియా_బావ
30 రోజుల సంగతి నాకు తెలియదు. అయినా పెట్ రెంట్ దోపిడీయే అంటాను.

ప్లేనో_పద్మ
దోపిడీ అయితే దాని మీదే పోరాడదాం. నేను సంతకం చేస్తా.

గాల్లో_గోపి
విమానాల్లో ఇదే జరిగింది. ఉద్యోగం పని మీద నెలకు నాలుగు సార్లు ఎగిరేవాణ్ణి, 2016 నుంచి 2019 దాకా ప్రతి విమానంలో ఒక 'సపోర్ట్' జంతువు కనిపించేది. 2017లో అట్లాంటాలో విమానం ఎక్కిన ఒకాయన్ని పక్క సీటు వాళ్ళ సపోర్ట్ కుక్క ముఖం మీద కరిచింది. 2018 జనవరిలో న్యూఆర్క్‌లో ఒకావిడ నెమలిని తీసుకొచ్చింది, ఎక్కించుకోలేదు. నెమలి! ఆ పింఛం ఏ సీటు కింద పడుతుంది?

చివరికి రవాణా శాఖ నిబంధన మార్చింది. 2021 జనవరి 11 నుంచి ఎమోషనల్ సపోర్ట్ జంతువును మామూలు పెంపుడు జంతువుగానే చూడొచ్చు. ఇప్పుడు శిక్షణ ఉన్న సర్వీస్ డాగ్‌కు మాత్రమే హక్కు. మానసిక సమస్యకు శిక్షణ పొందిన కుక్క కూడా అందులోకే వస్తుంది. నెమలితో వచ్చినవాళ్ళకు పోయిందేమీ లేదు. భయంతో విమానం ఎక్కలేక, ఒళ్ళో చిన్న కుక్క ఉంటే ఎక్కగలిగిన ముసలివాళ్ళు ఉన్నారు, పోయింది వాళ్ళకే.

ఎమ్మెస్_మౌనిక
నాకు ఈఎస్ఏ పిల్లి ఉంది. ఈ థ్రెడ్ చదువుతుంటే, లెటర్ ఉన్న ప్రతి ఒక్కరినీ అబద్ధం అనుకుంటారేమో అని భయం వేస్తోంది. అందుకే రాస్తున్నాను.

మిన్నెసోటాలో ఎమ్మెస్‌కు వచ్చాను. మొదటి చలికాలం నాలుగున్నరకే చీకటి పడేది. రూమ్మేట్లు ముగ్గురూ వేరే కోర్సులు, ఎవరి టైమ్ వాళ్ళది. జనవరిలో తొమ్మిది రోజులు గదిలోంచి బయటికి రాలేదు. అమ్మకు వీడియో కాల్‌లో లైటు వేసి, జుట్టు దువ్వుకుని మాట్లాడేదాన్ని. ఫిబ్రవరిలో క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్‌కు వెళ్ళాను. డిప్రెషన్ అన్నారు. మందులు, వారం వారం సెషన్లు. పిల్లి మాట నేను ఎత్తలేదు, మూడో నెలలో మా కౌన్సెలరే ఎత్తింది. ఇంట్లో చిన్నప్పుడు పిల్లి ఉండేదని నేను మాటల్లో చెప్పానట.

పిల్లి ఏం చేస్తుంది అంటే, పొద్దున ఆరింటికి ఆకలికి అరుస్తుంది. అంతే. నేను లేవాలి. లేచాక దాని లిట్టర్ బాక్స్ శుభ్రం చేయాలి, నీళ్ళు మార్చాలి, అప్పటికి మెలకువ పూర్తిగా వచ్చేస్తుంది. నా కోసం లేవలేని రోజుల్లో దాని కోసం లేచాను. మందులు మానలేదు, సెషన్లు మానలేదు. పిల్లి వాటికి బదులు కాదు, తోడు.

పిల్లిని ఉంచుకోవడానికి అనుమతి రావడానికి మొత్తం రెండు నెలలు పట్టింది. హౌసింగ్ ఆఫీసులో మొదట వద్దన్నారు, తర్వాత ఒప్పుకున్నారు. నెబ్రాస్కా యూనివర్సిటీ కియర్నీ క్యాంపస్ మీద ఇలాంటి కేసు నడిచింది. యూనివర్సిటీ ఇళ్ళకు కూడా ఫెయిర్ హౌసింగ్ చట్టం వర్తిస్తుందని 2013లో కోర్టు చెప్పింది, 2015లో సెటిల్‌మెంట్ కింద 140000 డాలర్లు కట్టారు. మా కౌన్సెలర్ ఈ కేసు సంగతి చెప్పాకే నాకు అడిగే ధైర్యం వచ్చింది.

రాజమండ్రి_రత్నం
మా అబ్బాయి ఇంటికి ఆరు నెలల కోసం వచ్చాను. మౌనికా, అమ్మకు నిజం చెప్పావా తల్లీ? చెప్పకపోతే చెప్పు. లైటు వేసి జుట్టు దువ్వుకున్నా తల్లికి గొంతులో తెలిసిపోతుంది.

మావారు పోయిన ఏడాది మా వీధి కుక్క ఒకటి రోజూ సాయంత్రం అరుగు మీదికి వచ్చి కూర్చునేది. అంతకు ముందు ఆయన దానికి పెరుగన్నం పెట్టేవారు. నేను పెట్టడం మానేశాను, మనసు లేక. అయినా వచ్చేది. నెల తర్వాత మళ్ళీ పెట్టడం మొదలుపెట్టాను. దాని కోసం వండుకున్నాను, నేనూ తిన్నాను. లెటర్లూ అవీ నాకు తెలియవు గానీ, ఈ పిల్ల చెప్పింది మాత్రం నాకు తెలిసినదే.

ఎమ్మెస్_మౌనిక
చెప్పానండి. ఏప్రిల్‌లో. ఇద్దరం ఏడ్చాం.

హైదరాబాద్_హరిత
ఇక్కడి నుంచి ఒక మాట. మన దేశంలో ఈఎస్ఏ లెటర్ అనే చట్టబద్ధమైన పద్ధతి లేదు. అలాంటి సర్టిఫికెట్లు ఇక్కడ కూడా ఆన్‌లైన్‌లో కనిపిస్తున్నాయి, కొని మోసపోకండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కుక్కను వద్దంటే లెటర్ అవసరమే లేదు. మెజారిటీ ఓటు వేసినా పెంపుడు జంతువులను నిషేధించడం కుదరదని, లిఫ్ట్ వాడొద్దనకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది.

నేను మా ల్యాబ్రడార్‌ను సికింద్రాబాద్‌లో ఒక ప్రత్యేక అవసరాల పిల్లల బడికి రెండు వారాలకోసారి తీసుకెళ్తాను. ఒక బాబు నత్తి వల్ల క్లాసులో నోరు తెరవడు. మా కుక్క పక్కన కూర్చుని దానికి కథ చదివి వినిపిస్తాడు. అది తప్పులు దిద్దదు, తొందరపెట్టదు, మధ్యలో నవ్వదు. ఆరు నెలల తర్వాత వాళ్ళ టీచర్‌కు చదివి వినిపించాడు.

కానీ ఈ థ్రెడ్‌లో ఎవరూ కుక్క వైపు నుంచి మాట్లాడలేదు. 40 నిమిషాలు దాటితే మాది అలసిపోతుంది. ఊరికే ఆవలించడం, పెదవులు నాక్కోవడం, ముఖం తిప్పేసుకోవడం మొదలుపెడితే బయటికి తీసుకొచ్చేస్తాను, పిల్లలు బతిమాలినా సరే. వెళ్ళే ముందు రోజు స్నానం, గోళ్ళు తీయడం, టీకాలు, నట్టల మందు అన్నీ రాసి పెట్టుకుంటాను. శిక్షణ లేని కుక్కకు జాకెట్ వేసి, జనం మధ్యలో, లైట్లలో, ట్రాలీల మధ్య నడిపిస్తే దానికి ఎంత బెదురో ఆలోచించండి. రఘు గారి కుక్క మీదికి దూకింది కూడా బెదిరిన కుక్కే అయ్యుంటుంది.

కవిత_కౌన్సెలర్
హరిత గారు చెప్పిన బాబును చూస్తే ఈ రంగం ఎలా మొదలైందో గుర్తొచ్చింది. న్యూయార్క్‌లో బోరిస్ లెవిన్సన్ అనే పిల్లల సైకాలజిస్ట్ ఉండేవారు. ఎవరితోనూ సరిగ్గా కలవని ఒక అబ్బాయి ఒకసారి టైమ్ కంటే ముందే వచ్చాడు. ఆయన కుక్క జింగిల్స్ గదిలోనే ఉంది. అబ్బాయి దానితో ఆడటం మొదలుపెట్టాడు, తర్వాత మెల్లగా ఆయనతోనూ మాట్లాడాడు. కుక్కను 'సహ చికిత్సకుడు' అంటూ ఆయన 1962లో వ్యాసం రాశారు. జింగిల్స్ ఒక్కటే చికిత్స చేసిందని ఆయన అనలేదు.

శీను గారూ, ఒకటి అడగొచ్చా? మీకు యాంగ్జైటీ లేదన్నారు. మరి కుక్కను ఎందుకు తెచ్చుకున్నారు?

ఇర్వింగ్_శీను
నా కోసం కాదండి. మా ఆవిడ అడిగింది.

తను హెచ్‌4 మీద ఉంది, అంటే నా ఉద్యోగ వీసా మీద ఆధారపడిన వీసా. వర్క్ పర్మిట్ ఇంకా రాలేదు. పోయిన ఆగస్టులో గుంటూరులో వాళ్ళ నాన్న పోయారు. వీసా స్టాంపింగ్ సమస్య వల్ల వెళ్ళలేకపోయింది. అంత్యక్రియలు ఫోన్లో చూసింది. ఆ తర్వాత రాత్రిళ్ళు నిద్రపోయేది కాదు. పగలు నేను ఆఫీసుకు వెళ్తే సాయంత్రం వచ్చేసరికి సోఫాలో అదే చోట ఉండేది. వంట మానేసింది. నేను "మెల్లగా సర్దుకుంటుందిలే" అనుకున్నాను. లడ్డు వచ్చాక రోజూ రెండు సార్లు బయటికి నడుస్తోంది. పార్కులో ఒక తమిళ ఆవిడ పరిచయం అయింది. రాత్రి లడ్డు మంచం పక్కన పడుకుంటే నిద్రపోతోంది.

ఆ ప్రశ్నలకు అన్నిటికీ అవునని నొక్కాను అన్నాను కదా. ఇప్పుడు మళ్ళీ చూస్తే, అవన్నీ తనకు నిజమే.

రాజమండ్రి_రత్నం
అయ్యో నాయనా. తండ్రిని ఆఖరి చూపు చూసుకోలేకపోయిందా.

కవిత_కౌన్సెలర్
శీను గారూ, చెప్పినందుకు థాంక్స్. ఆ లెటర్ పక్కన పడేయండి, అది మీ పేరు మీద ఉన్న అబద్ధం. మీ ఇన్సూరెన్స్ కార్డు వెనక మానసిక ఆరోగ్యానికి నంబర్ ఉంటుంది. టెక్సస్ లైసెన్స్ ఉన్న థెరపిస్ట్‌ల లిస్టు అడగండి, తెలుగు మాట్లాడేవాళ్ళు ఉన్నారేమో అడగండి, వీడియోలో చూసేవాళ్ళైనా ఫరవాలేదు. వెళ్ళేది లెటర్ కోసం కాదు, ఆవిడ కోసం. లడ్డు అవసరం అని వాళ్ళకు అనిపిస్తే వాళ్ళే రాస్తారు. రాయకపోయినా ఆవిడకు సాయం దొరుకుతుంది.

బే_ఏరియా_బావ
శీను బ్రో, నేను మొదట్లో అన్నది వెనక్కి తీసుకుంటున్నా. సారీ. చెల్లెమ్మను తప్పకుండా తీసుకెళ్ళు.

హ్యూస్టన్_ఇంటాయన
ఈలోపు లీజింగ్ ఆఫీసుకు వెళ్ళి కుక్క ఉందని చెప్పేయండి. చెప్పకుండా ఉంచుకుంటే లీజు ఉల్లంఘన అవుతుంది. తర్వాత సరైన లెటర్ వస్తే అప్పటి నుంచి పెట్ రెంట్ ఆపమని రాతపూర్వకంగా అడగండి.

ఇర్వింగ్_శీను
మూడు వారాలైంది, అందుకే మళ్ళీ రాస్తున్నాను. 400 కట్టేశాను, పెట్ రెంట్ కూడా మొదలైంది. హ్యూస్టన్‌లో ఉండే ఒక తెలుగు థెరపిస్ట్ వీడియోలో చూస్తున్నారు. రెండు సెషన్లు అయ్యాయి. మొదటి దాంట్లో మా ఆవిడ పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదట. లడ్డు వచ్చి ఒళ్ళో తల పెడితే, "ఇదెవరు" అని థెరపిస్ట్ అడిగారట. అక్కడి నుంచి నాన్న దాకా వెళ్ళింది మాట. లెటర్ సంగతి మేం అడగలేదు.

మోరిస్‌టౌన్_రఘు
చాలా సంతోషం శీను గారూ. మీ ఆవిడ లడ్డును నడిపించేటప్పుడు ఎంత పొడవు తాడు వాడుతున్నారు? సాగే తాడు అయితే మార్చండి. నాలాంటివాళ్ళు కుక్కతో ఎదురైతే లడ్డును దగ్గరికి రానివ్వకుండా ఆగి, "మీ ఎడమ పక్కన కుక్క ఉంది" అని గట్టిగా చెబితే చాలు, మేం జాగ్రత్త పడతాం.

ఇర్వింగ్_శీను
సాగేదేనండి. రేపే ఆరడుగుల మామూలు తాడు కొంటాను. తనకు చదివి వినిపించాను, గుర్తు పెట్టుకుంటానని చెప్పమంది.